ఒకే ఒంటికి రెండు పుస్తకాలు

మన దేశంలో హెచ్‌ఐవీకి ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. జబ్బు ఉధృతంగా ఉందని మొదట ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తొలి ఏళ్లలో ముప్పై, ముప్పై అయిదేళ్ల వయసులో ఏఆర్‌టీ అనే ఆ మాత్రలు మొదలుపెట్టి, వాటిని వదలకుండా వేసుకుంటూ వచ్చినవాళ్లకు ఇప్పుడు యాభై దాటింది. అప్పట్లో వాళ్ల ఇళ్లలో ఎవరూ ఆశించని వయసు ఇది. ఆనాటి భయాలు టీబీ, ఆగని విరేచనాలు, ఎముకల గూడుగా మిగిలే ఒళ్లు. ఈనాడు అదే మనుషుల ముందు నిలబడినవి బీపీ, షుగరు, గుండెపోటు, పక్షవాతం.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బులు ఎందుకు ఎక్కువ వస్తాయి, దాని మీద ప్రపంచంలో ఏం తేలింది, తేలినదాంట్లో పశ్చిమ ప్రకాశంలోని పామూరు లాంటి ఊరికి పనికొచ్చేది ఎంత అన్నవి ఇక్కడ పరిశీలించదలచిన విషయాలు. నాకు తోచింది ముందే చెబుతాను. వైద్యశాస్త్రం చేయాల్సిన పని చాలావరకు చేసేసింది. యాభై దాటిన ఇలాంటి రోగి దగ్గర ఇప్పుడు రెండు పుస్తకాలుంటాయి. ఒకటి ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చింది, బీరువాలో బట్టల అడుగున ఉంటుంది. రెండోది బీపీ, షుగరు చూపించుకునేది, గూట్లో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఆ రెండూ ఒకే బల్ల మీదికి రాకపోవడం వల్ల జరిగే నష్టాన్ని ఆపడానికి కొత్త మందేమీ అక్కర్లేదు.

ముందు లెక్కలు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనా ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 3.21 లక్షలు. మహారాష్ట్ర తర్వాత స్థానం మనదే. పెద్దవాళ్లలో జబ్బు శాతం దేశ సగటు 0.21 అయితే మన రాష్ట్రంలో 0.67. కొత్తగా సోకేవాళ్లు బాగా తగ్గారు, మందులతో బతికేవాళ్లు పెరిగారు. కాబట్టి వీళ్ల సగటు వయసు ఏటికేడు పైకే పోతుంది.

గుండె సంగతి. 2018లో సర్క్యులేషన్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 80 అధ్యయనాలను, దాదాపు ఎనిమిది లక్షల మంది వివరాలను కలిపి చూస్తే, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం లేనివాళ్ల కంటే రెట్టింపు పైచిలుకు. అంతకుముందు 2013లో అమెరికా మాజీ సైనికులు 82 వేల మందిపై వచ్చిన అధ్యయనంలో పొగతాగడం, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ లాంటి కారణాలన్నీ పక్కన పెట్టి లెక్కగట్టినా గుండెపోటు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు మిగిలింది. అంటే అలవాట్ల మీదికి నెట్టేయడానికి వీల్లేని భాగం ఒకటుంది, అది వైరస్‌ది.

ఆ భాగం పేగులో మొదలవుతుంది. సోకిన తొలి వారాల్లోనే వైరస్ పేగు గోడలో కాపలా కాసే సీడీ4 అనే రోగనిరోధక కణాలను భారీగా చంపేస్తుంది. గోడ పలచబడి, లోపలి బ్యాక్టీరియా తాలూకు ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి. మందులతో రక్తంలో వైరస్ మొత్తం (వైరల్ లోడ్) కనిపించనంతగా తగ్గినా ఈ జారుడు పూర్తిగా ఆగదు. రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడూ శత్రువు గుమ్మంలో ఉన్నట్టే మెలకువగా ఉంటుంది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. అది రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. మన బోరు పైపుల్లో గార పట్టినట్టు ఏళ్ల తరబడి గట్టిపడిన పూడిక వృద్ధుల నాళాల్లో మామూలే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో మెత్తటి పూడిక ఎక్కువ కనిపిస్తుంది. మెత్తటిది పగులుతుంది. పగిలినచోట రక్తం గడ్డకడుతుంది, గుండెపోటు అలాగే వస్తుంది.

ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికన్నా కదిలించిన అధ్యయనం స్మార్ట్. 33 దేశాల్లో 5,472 మందితో చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. మందుల దుష్ఫలితాలు గుండెకు చేటు చేస్తున్నాయన్న అనుమానం అప్పట్లో బలంగా ఉండేది. అందుకని సీడీ4 కణాల సంఖ్య బాగా ఉన్నప్పుడు మందులు ఆపేసి, 250 కంటే పడిపోయినప్పుడు మళ్లీ మొదలుపెడితే గుండెకు మేలేమో చూద్దామనుకున్నారు. జరిగింది దానికి పూర్తి వ్యతిరేకం. మందులు ఆపి ఆపి వాడినవాళ్లలో చావులు, ఇతర ఇన్‌ఫెక్షన్లు కలిపి 2.6 రెట్లు పెరిగాయి. గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులు కూడా 1.7 రెట్లు పెరిగాయి. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మాత్ర మానితే గుండెకు విశ్రాంతి దొరకదు, వైరస్‌కు దారి దొరుకుతుంది.

పశ్చిమ ప్రకాశంలో ఈ ఫలితాన్ని చదవాల్సిన తీరు వేరు. ఇక్కడ మాత్రలు ఆగడానికి డాక్టర్ల ప్రయోగం అక్కర్లేదు, వాన చాలు. వాన మొహం చాటేసిన ఏడు మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు పల్లెల నుంచి కుటుంబాలు బెంగళూరుకో హైదరాబాదుకో కట్టడం పనులకు మూటలు కట్టుకుని బయల్దేరతాయి. పామూరు ఎటు వెళ్లాలన్నా కూడలి. మార్కాపురం, కనిగిరి మీదుగా ఏర్పేడు వైపు దిగే 565 జాతీయ రహదారి, మైదుకూరు నుంచి సింగరాయకొండకు పోయే 167బి ఇక్కడే కలుస్తాయి. అలా వెళ్లి పనిచోట షెడ్డులో పదిమంది మధ్య పడుకునేవాడు డబ్బా తీసి మాత్ర ఎలా మింగుతాడు? మేస్త్రీ చూస్తాడు, పక్కవాడు అడుగుతాడు. ఒక నెల పోతుంది, రెండు నెలలు పోతాయి. స్మార్ట్ అధ్యయనం వేల మంది మీద కావాలని చేసి చూసినదాన్ని కరువు ఇక్కడ అడగకుండానే చేస్తోంది. స్థిరంగా ఉన్న రోగికి మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉంది. వెళ్లేచోటి ఏఆర్‌టీ సెంటర్‌కు పేరు బదిలీ చేయించుకోవచ్చు. వలసపోయే ముందు రేషన్ కార్డు గురించి అడిగినట్టే దీని గురించీ అడగమని కౌన్సెలర్లు చెప్పాలి. ఇది గుండె వైద్యంలో భాగమేనని నేను నమ్ముతున్నాను.

ఇక మందుల దుష్ఫలితాలు. అవి గుండెకు చేటన్న ఆ పాత అనుమానానికి ఆధారాలు లేకపోలేదు. డీఏడీ అనే అంతర్జాతీయ అధ్యయనం 2003లో, మందులు వాడిన ప్రతి ఏటికీ గుండెపోటు రేటు 26 శాతం పెరుగుతోందని చెప్పింది. తర్వాతి ఏళ్లలో నేరం ఏ మందులదో విడిగా తేలింది. ఇండినావిర్, లోపినావిర్ లాంటి పాత ప్రొటియేజ్ ఇన్‌హిబిటర్లు కొలెస్ట్రాల్‌ను పెంచాయి. అబకావిర్‌ను ఇటీవల వాడుతున్నవాళ్లలో గుండెపోట్లు దాదాపు రెట్టింపు అని 2008లో చెప్పారు. దాని మీద చాలాకాలం వాదులాట నడిచింది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు అబకావిర్ వద్దన్న మాట ఇప్పుడు స్థిరపడింది. మన దగ్గర తొలి ఏళ్లలో విరివిగా వాడిన స్టావుడిన్ బుగ్గల్లో, కాళ్లలో కొవ్వు కరిగించి మనిషిని చూపులకే పట్టించేసింది. పీక్కుపోయిన ఆ బుగ్గలను చూసి ఊరు గుర్తుపట్టేది. ఆ మందును 2009 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్పించింది.

2020 తర్వాత మన ప్రభుత్వ సెంటర్లలో ప్రధానంగా ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. పాతవాటితో పోలిస్తే గుండెకు ఇది చాలా మేలు. దీని సమస్య బరువు. దక్షిణాఫ్రికాలో చేసిన అడ్వాన్స్ అధ్యయనంలో 48 వారాలకు ఈ తరహా కలయిక వాడినవాళ్లు సగటున 3.2 కిలోలు పెరిగారు. పాత ఎఫావిరెంజ్ కలయిక వాడినవాళ్లు 1.7 కిలోలు. ఆడవాళ్లలో పెరుగుదల ఎక్కువ. ఒకప్పుడు బరువు పెరగడమే బాగుపడటానికి గుర్తు. అందువల్ల నడుము చుట్టుకొలత పెరుగుతున్నా ఇంట్లోవాళ్లు సంతోషిస్తారే తప్ప షుగరు చూపించుకోమనరు.

వైరస్‌కూ మందుకూ తోడు ఈ నేల తెచ్చిపెట్టే ముప్పులు మరికొన్ని ఉన్నాయి. దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు ఎలాగూ ముందే వస్తుంది. 2004 నాటి ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వయసు మనవాళ్లలో 53, మిగతా ప్రపంచంలో 59. పల్లెలకు గుండెజబ్బు రాదనుకోవడం కూడా పాతమాటే. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003-04లో జరిగిన చావులకు కారణాలు వెతికితే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

ఉమ్మడి ప్రకాశం జిల్లాకు పొగాకు పంట జీవనాధారం. కనిగిరిలో, పొదిలిలో వేలం కేంద్రాలున్నాయి. బీడీ, చుట్ట, గుట్కా ఇక్కడ ఎవరికీ వింతకాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పొగ ఎంత చేటో డెన్మార్క్‌లో లెక్కగట్టారు. చికిత్స సక్రమంగా అందే అలాంటి దేశంలో పొగతాగే రోగి హెచ్‌ఐవీ వల్ల కోల్పోయే ఆయుష్షు 5.1 ఏళ్లయితే, పొగ వల్ల కోల్పోయేది 12.3 ఏళ్లు. ఏఆర్‌టీ మాత్ర ఇరవై ఏళ్లుగా వేళ తప్పకుండా వేసుకుంటున్నవాడికి బీడీ మానే పట్టుదల లేదని ఎవరూ అనలేరు. ఆ అంకెలు అతనికి ఎవరూ చెప్పలేదంతే.

తర్వాత నీళ్లు. మన దేశంలో ఎముకలను వంచే ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. మోకాళ్లు, నడుము పట్టేసే ఈ నొప్పులకు ఊళ్లో దొరికే వైద్యం నొప్పి మాత్ర, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. ఈ డైక్లోఫెనాక్ తరహా మందులు దీర్ఘకాలం ఎక్కువ మోతాదులో వాడితే పెద్ద గుండె, రక్తనాళాల ఘటనలు మూడోవంతు పెరుగుతాయని 2013లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. అవే మందులు బీపీని పెంచుతాయి, కిడ్నీని పాడుచేస్తాయి. ఏఆర్‌టీ మాత్రలోని టెనోఫోవిర్ కూడా కొందరిలో కిడ్నీ మీద భారం వేస్తుంది. కనిగిరి చుట్టుపక్కల కిడ్నీ జబ్బులు ఏళ్లుగా వార్తల్లో నలుగుతున్నవే. కిడ్నీ పాడైనవాడి గుండె ముందుగా పాడవుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో హెచ్‌ఐవీ రోగికి కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష వేరే చోట కంటే విలువైనది, నొప్పి ఇంజెక్షన్ వేరే చోట కంటే ప్రమాదకరమైనది. ఏ అంతర్జాతీయ మార్గదర్శకంలోనూ ఈ మాట పామూరు పేరుతో ఉండదు. ఇక్కడి డాక్టర్లే రాసుకోవాలి.

ఇక ఈ ముప్పును మందుతో ముందే తగ్గించొచ్చా అన్న ప్రశ్నకు అందరూ ఎదురుచూసిన జవాబు. రిప్రీవ్ అనే అధ్యయనం 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మంది హెచ్‌ఐవీ రోగులతో జరిగింది. అందులో మన దేశం కూడా ఉంది. వీళ్లంతా మామూలు లెక్కల ప్రకారం గుండెకు తక్కువ లేదా మధ్యస్థ ముప్పు ఉన్నవాళ్లు, మామూలుగా అయితే ఎవరూ కొలెస్ట్రాల్ మందు రాయరు. సగం మందికి స్టాటిన్ తరహా కొలెస్ట్రాల్ మందు పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు 35 శాతం తగ్గాయి. మేలు స్పష్టంగా కనిపించడంతో 2023లో ముందుగానే ఆపి, ఆ జూలైలో ఫలితాలు ప్రచురించారు. నష్టాలూ ఉన్నాయి. షుగరు కొత్తగా వచ్చినవాళ్లు మందు వైపు 5.3 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 4 శాతం. కండరాల నొప్పులు కొంచెం ఎక్కువ. అయిదేళ్లలో ఒక పెద్ద ఘటన తప్పించాలంటే సుమారు 106 మందికి మందివ్వాలి. 2024 ఫిబ్రవరిలో అమెరికా మార్గదర్శకాలు మారాయి. నలభై దాటిన హెచ్‌ఐవీ రోగుల్లో ముప్పు మధ్యస్థంగా ఉన్నవాళ్లకు స్టాటిన్ సిఫారసు చేశాయి, తక్కువున్నవాళ్లకూ ఇవ్వడం వైపే మొగ్గాయి.

మరి మన ఏఆర్‌టీ సెంటర్లలోనూ నలభై దాటిన ప్రతివాళ్లకూ స్టాటిన్ ఇచ్చేయాలా? నా జవాబు అవుననే వైపే ఉంది, కొన్ని షరతులతో. ముప్పు లెక్కగట్టే అమెరికా సూత్రం ధనికేతర దేశాల రోగుల్లో ముప్పును అసలు కంటే ఎక్కువ చూపిందని రిప్రీవ్ సమాచారమే తర్వాత చెప్పింది. షుగరు ముందే ఎక్కువున్న జనాభాలో షుగరు పెంచే గుణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పిటావాస్టాటిన్ దొరక్కపోతే అటోర్వాస్టాటిన్ 20, రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఆ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. అటోర్వాస్టాటిన్ మన అత్యవసర మందుల జాబితాలో ఉన్న చవక మాత్ర. బీపీ, షుగరు ఉన్నవాళ్లతో, పొగతాగేవాళ్లతో, యాభై దాటినవాళ్లతో మొదలుపెట్టడానికి ఇంకో అధ్యయనం కోసం ఆగాల్సిన పనిలేదు. ఒక్క మాట మాత్రం మరవకూడదు. సీడీ4 బాగా పడిపోయి కొత్తగా వచ్చిన రోగికి మొదటి శత్రువు ఇప్పటికీ టీబీయే. అనంతపురం వైపు బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి నుంచి ఏళ్లుగా వచ్చిన పరిశోధనలు గ్రామీణ రోగుల గురించి టీబీ, ఆలస్యంగా రావడం, మధ్యలో మానేయడం మీదే ఎక్కువగా మాట్లాడాయి. ఆ దశ దాటినవాళ్ల గుండె గురించి అలాంటి పనే ఇప్పుడు మొదలుకావాలి.

ఇప్పుడు ఆ రెండు పుస్తకాల దగ్గరికి. బీపీ, షుగరు పుస్తకం రాసే డాక్టరుకు ఈ మనిషికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలియదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ 2,000 మిల్లీగ్రాములు రాస్తాడు. డోలుటెగ్రావిర్ వేసుకునేవాళ్లలో మెట్‌ఫార్మిన్ రక్తంలో పేరుకుంటుంది, రోజుకు 1,000 దాటకూడదు. ఎముకల నొప్పికి కాల్షియం రాస్తారు. దాన్ని ఖాళీ కడుపున ఏఆర్‌టీ మాత్రతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. రెండూ అన్నంతో వేసుకోవాలి, లేదా ఏఆర్‌టీ మాత్ర రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. రెండో వరుస మందులైన అటజానావిర్, రిటోనావిర్ వాడేవాళ్లకు ఇంకా కష్టం. ఏ నొప్పికైనా చీటీలో ముందుండే గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్, అటజానావిర్‌ను పనిచేయనివ్వదు. సిమ్వాస్టాటిన్ వాళ్లకు విషంతో సమానం. స్టెంటు వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాళ్లలో సరిగా పనిచేయకపోవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ అంతుచిక్కని సమస్య కాదు. అన్నీ తెలిసినవే. డాక్టరుకు రోగి సంగతి తెలియదు, అంతే.

చెప్పేయొచ్చు కదా అని బయటివాళ్లు తేలిగ్గా అంటారు. ఊళ్లో ఆసుపత్రి సిబ్బంది కూడా ఊరివాళ్లే. చెబితే కూతురి పెళ్లి, కొడుకు కాపురం, వాటాకిచ్చిన పొలం అన్నీ కళ్లముందు తిరుగుతాయి. అందుకే ఏఆర్‌టీకి దగ్గరి ఆసుపత్రి వదిలి, తెలిసినవాళ్లు ఎదురుపడరని సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకో నెల్లూరుకో వెళ్తామనేవాళ్లు ఉంటారు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను చెప్పేది వేరే దారి. ఏఆర్‌టీ పుస్తకాన్ని పీహెచ్‌సీకి తీసుకెళ్లమని రోగిని ఒత్తిడి చేయొద్దు. బీపీ, షుగరు పుస్తకాన్నే ఏఆర్‌టీ సెంటర్‌కు తీసుకురమ్మనండి. అక్కడ దాచాల్సింది ఏమీ లేదు. ఏ మాత్ర దేనితో పడదో అక్కడి డాక్టరు, ఫార్మసిస్టు చూసి దిద్దుతారు. బీపీ చూడటం, ఏడాదికోసారి షుగరు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ పరీక్షలు కూడా మందులిచ్చే రోజే అక్కడే చేసేస్తే రెండో ప్రయాణం, రెండో రోజు కూలి మిగులుతాయి. నాకో 2021 చికిత్సా మార్గదర్శకాల్లో ఈ జబ్బుల పరీక్ష ఉంది. దాన్ని ప్రతి సెంటర్లో అమలు చేయించడమే మిగిలింది.

ఛాతీనొప్పి వచ్చిన రాత్రి మాత్రం ఈ పద్ధతి సరిపోదు. గుండెపోటులో గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. నొప్పి మొదలైన తొలి మూడు గంటల్లో పడితే మేలు ఎక్కువ, పన్నెండు గంటలు దాటితే ప్రయోజనం దాదాపు పోతుంది. పామూరు నుంచి కనిగిరికే సుమారు ముప్పై కిలోమీటర్లు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్న ప్రతి గంటా గుండె కండరంలోంచే పోతుంది. 108కు ఫోన్ చేసి, ఆస్పిరిన్ పడనివాళ్లు తప్ప మిగతావాళ్లు 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి బయల్దేరాలి. పెద్దాసుపత్రిలో యాంజియోగ్రాం అంటే హెచ్‌ఐవీ పరీక్ష బయటపడుతుందన్న భయం చాలామందిని గుమ్మంలోనే ఆపుతుంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడం, వేరుగా చూడటం నిషిద్ధం. రోగి ఒప్పుకోకుండా అతని సంగతి బయటపెట్టకూడదు. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. ఆ అధికారి ఎవరో గోడ మీద రాసి ఉందా అని అడిగే హక్కు రోగి బంధువులకూ ఉంది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. బోస్టన్ ఆసుపత్రుల సమాచారంతో 2007లో వచ్చిన అధ్యయనంలో హెచ్‌ఐవీ వల్ల గుండెపోటు ముప్పు మగవాళ్లలో 1.4 రెట్లు పెరిగితే, ఆడవాళ్లలో దాదాపు 3 రెట్లు పెరిగింది. మన దగ్గర భర్త ద్వారా జబ్బు సోకి, అతను పోయాక ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటూ వచ్చిన ఆడవాళ్లు ఎందరో. ముట్లు ఆగే వయసు వాళ్లకు వచ్చేసింది. కొత్త మాత్రతో బరువు పెరిగేదీ వాళ్లే. ఛాతీనొప్పికి బదులు ఆయాసం, ఒళ్లంతా నీరసం, వెన్నులో నొప్పిగా గుండెపోటు వచ్చేదీ ఎక్కువగా ఆడవాళ్లకే, గ్యాస్ అని పంపేసేదీ వాళ్లనే. రిప్రీవ్‌లో దాదాపు మూడోవంతు ఆడవాళ్లే. స్టాటిన్ మేలులో ఆడా మగా తేడా కనిపించలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఇస్తున్న నెలకు 4,000 రూపాయల పింఛను వాళ్ల బస్సు ఛార్జీకి, రక్తపరీక్షకు ఊతం. నలభై దాటిన ఆడమనిషి ఏఆర్‌టీ సెంటర్ కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముందు బీపీ చూసి, ఆ అంకె ఆమె చేతికే రాసివ్వడం ఈ నెల నుంచే మొదలుపెట్టొచ్చు. దానికి కావాల్సిన యంత్రం ప్రతి సెంటర్లో ఉంటుంది.